ఎటు పోతే అటే

మా నాన్నతో ఫోన్ మూడు ప్రశ్నల్లో అయిపోతుంది. తిన్నావా? అక్కడ చలిగా ఉందా? పిల్ల బడికెళ్తోందా? ఆ తర్వాత, "ఇదిగో, అమ్మకిస్తున్నా." నేను అమెరికా వచ్చిన పదిహేనేళ్ళుగా ఇదే వరస. మొన్న శనివారం మాత్రం నలభై నిమిషాలు మాట్లాడాడు. కారణం ఒక పాత తుపాకీ.

మా ఆఫీసు మిత్రుడొకడు మిలటరీ సర్‌ప్లస్‌లో రైఫిల్ కొన్నాడు. డాలస్ దగ్గర రేంజికి నన్నూ లాక్కెళ్ళాడు. చూస్తే దాని మీద ఇషాపూర్ ముద్ర! 1962 యుద్ధం తర్వాత మన పాత త్రీ నాట్ త్రీ రూపాన్నే 7.62 తూటాకి సరిపడేలా మార్చి బెంగాల్లో తయారుచేసిన రకం. నాన్న ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్‌కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఆయన భుజాన చిన్నప్పట్నుంచీ నేను చూసింది దీని అక్కనే.

వంద గజాల దూరం. ఇసుక సంచి మీద ఆనించి అయిదు కాల్చాం. అయిదూ బెత్తెడు జాగాలోనే పడ్డాయి, కానీ నడిమధ్యకి ఆరంగుళాలు ఎడమగా. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసినవాణ్ణి కదా, లెక్క కట్టాను. రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 19 అంగుళాలు, అంటే ముందు ఆకు జరగాల్సింది ఒక మిల్లీమీటరు కూడా కాదు. స్క్రూ తిప్పితే ఆకును పక్కకి నెట్టే పనిముట్టు మావాడి దగ్గరుంది. తూటా ఎడమకి పోతోంది కాబట్టి ఆకును కుడికి నెట్టాం. మళ్ళీ కాలిస్తే పన్నెండు అంగుళాలు ఎడమగా పడ్డాయి!

లెక్క సరైందే, గుర్తే తప్పు. ప్రోగ్రామర్లకి ఈ బాధ తెలుసు.

ఇక్కడ ఉదయం పది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నాన్నకి ఫోన్ చేశాను.

"ముందు ఛాంబర్ ఖాళీయేనా చూడు," అన్నాడు. తిన్నావా అని అడగలేదు.

చూశానన్నాను.

"ఒరేయ్, తూటా ఎటు పోతే ఫోర్‌సైట్ అటే జరపాలి. దాన్ని ఎడమకి నెట్టావనుకో, గురి కుదరాలంటే గొట్టం కుడికి తిప్పాలిగా? వెనక సైటైతే దీనికి తిరకాసు."

రెట్టింపు దూరం ఎడమకి నెట్టాం. ఈసారి అయిదూ మధ్యలో పడ్డాయి. ఫోన్లోనే అరిచి చెప్పాను.

"నువ్వెన్నిసార్లు జరిపావు నాన్నా?"

"ఒక్కసారీ లేదు. అది ఆర్మరర్ పని, మనం ముట్టుకోకూడదు. ఓ ఏడాది ఫైరింగ్‌లో నాకిచ్చింది ఎడమకి కొట్టేది. అన్నీ తప్పిపోతే, నీకు చూపు లేదా అని అందరి ముందూ తిట్టారు. తుపాకీది లోపమని చెప్పలేకపోయా. మర్నాటి నుంచి కుడికి గురిపెట్టి కొట్టా. సైటు జరిపే అధికారం లేదురా, గురే జరుపుకున్నాం."

ఆ తర్వాత రేంజి కబుర్లు, ఎండలో బందోబస్తులు, ఎన్నికల డ్యూటీలు, నాకు తెలియనివెన్నో చెప్పాడు. ఇన్నాళ్ళూ నాన్నకి మాటలు రావనుకున్నాను. నేనే ఎప్పుడూ ఆయనకి తెలిసినదేదీ అడగలేదు.

చివరికి అమ్మ ఫోన్ లాక్కుంది. "ఏంట్రా ఇవాళ? మీ నాన్న అన్నం చల్లారబెట్టుకుని మరీ నవ్వుతున్నారు!"