నొప్పి సాధనలో భాగం కాదు



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి రాసే ఈ వైద్యుడికి పాశ్చాత్య సంగీతంతో పనేమిటని మీకు తోచవచ్చు. ఆ సంగీతశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. అయితే మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వాసుపత్రులలో రోగుల చేతులు పరీక్షించినవాడిని కనుక, ఒక మహావిద్వాంసుడి చేతులను రెండు గంటలపాటు చూసే అవకాశం కలిగినప్పుడు నా దృష్టి రాగాలకంటె ఎక్కువగా వాటిమీదనే నిలిచింది. అప్పుడు కలిగిన ఆలోచన మీలో చాలామందికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

అమెరికాలో మా అమ్మాయి ఇంట ఉన్న రోజులలో, పియానో నేర్చుకుంటున్న మనుమరాలి ముచ్చట తీర్చడానికి న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఒక కచేరీకి వెళ్ళాము. 1891లో ఆ మందిరం ప్రారంభమైనప్పుడు రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చి వాద్యబృందాన్ని నడిపించాడు. ఐదు అంతస్తులలో సుమారు 2,800 ఆసనాలున్న సభామందిరమది. మైకు లేదు. వేదికమీద తొమ్మిది అడుగుల నల్లని పియానో, దాని ముందు ఒక బల్ల, అంతే. మన కచేరీలలో వలె తంబుర శ్రుతి లేదు, పక్కవాద్యాలు లేవు, తాళం వేసే శ్రోతలు లేరు. ఒక రచనలోని భాగాల నడుమ చప్పట్లు కొట్టడం కూడా అక్కడ మర్యాద కాదు. అంతవరకు ఆపుకొన్న దగ్గులు మాత్రం ఆ నడిమి క్షణాలలో అన్ని అంతస్తుల నుంచి ఒక్కసారిగా వినిపిస్తాయి! అందుకోసమే కాబోలు, చప్పరించే గొంతు బిళ్ళలు ఉచితంగా ఉంచారు. వైద్యుడిగా నాకది నచ్చిన ఏర్పాటు.

మా అమ్మాయి ముందుచూపుతో ఎడమవైపు ఆసనాలు తీసుకుంది. వాద్యకారుడి చేతులు కనిపించేది ఆ వైపు నుంచే. మొదట బీథోవెన్ చివరి పియానో సొనాటా. 1822లో, వినికిడి దాదాపు పూర్తిగా పోయిన దశలో ఆయన దానిని పూర్తి చేశాడు. తరువాత లిస్ట్ రాసిన బి మైనర్ సొనాటా, సుమారు అరగంట ఏకధాటిగా సాగే కఠినమైన రచన. అంత వేగంలోను విద్వాంసుడి భుజాలు పైకి లేవలేదు. మణికట్టు బిగుసుకోలేదు. హాలంతా దద్దరిల్లేలా మెట్లను నొక్కిన మరుక్షణమే చెయ్యి మెత్తబడిపోయేది. క్షణకాలం ప్రయత్నం, వెంటనే విశ్రాంతి. ఆయన శక్తిలో సగం ఆ విశ్రాంతిలోనే ఉన్నదని నాకు అనిపించింది.

వేళ్ళలో కండరాలు లేవన్న సంగతి చాలామందికి తెలియదు. వేళ్ళను కదిపే పెద్ద కండరాలు ముంజేతిలోను, చిన్నవి అరచేతిలోను ఉంటాయి. ముంజేతి కండరాల నుంచి స్నాయువులనే తాళ్ళు మణికట్టు మీదుగా వేళ్ళకు చేరతాయి. పైగా వేళ్ళన్నీ సమాన స్వతంత్రులు కావు. అరచేతిని బల్లమీద బోర్లించి, నడిమి వేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని పైకెత్తి చూడండి. లేవదు. చేతి వెనుకభాగంలో ఆ స్నాయువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడమే కారణం. ఈ శరీరధర్మాన్ని బలవంతంగా మార్చాలనుకుంటే ఏమవుతుందో సంగీత చరిత్రే చెబుతుంది.

చివర చప్పట్లు ఆగకపోవడంతో విద్వాంసుడు మరొక చిన్న రచన వాయించాడు. కుడిచేతిని తొడమీద ఉంచి, ఎడమచేతితో మాత్రమే! స్క్రియాబిన్ 1894లో ఎడమచేతి కోసం రాసిన నాక్టర్న్ అది. "తాతయ్యా, కుడిచెయ్యి ఎందుకు వాడలేదు?" అని అడిగింది మనుమరాలు. విద్యార్థిగా ఉన్న రోజులలో స్క్రియాబిన్ కఠినమైన రచనలను మితిమీరి సాధన చేసి కుడిచేతిని దెబ్బతీసుకున్నాడని, ఈ రచన వెనుక ఆ బాధ ఉన్నదని చెప్పాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత తన మణికట్టు నాకు చూపించి, రెండు వారాలుగా నొప్పిగా ఉన్నదని, పరీక్ష దగ్గరపడిందని ఎవరికీ చెప్పలేదని మెల్లగా అన్నది. మరునాడే సాధన ఆపించాము. పరీక్ష వాయిదా వేయడానికి మా అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. స్క్రియాబిన్ ఒక్కడే కాదని, మరో ఇద్దరి కథలు చెప్పాక ఒప్పుకున్నది.

మొదటివాడు రాబర్ట్ షూమన్. ఇరవై రెండేళ్ళ ప్రాయంలోనే కుడిచేతి వేలు మాట వినడం మానేసి, వాద్యకారుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. వేళ్ళ బలానికి ఆయన ఒక యంత్రాన్ని కూడా వాడాడు. రెండవవాడు అమెరికన్ విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్. 1964 ప్రాంతంలో ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు వాటంతటవే ముడుచుకోసాగాయి. ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ సుమారు మూడు దశాబ్దాలు గడిపాడు. ఆ జబ్బు ఫోకల్ డిస్టోనియా. దోషం కండరంలో కాదు, కండరాన్ని నడిపే మెదడు సంకేతాలలో. బోట్యులినం ఇంజెక్షన్ల సాయంతో ఆయన మళ్ళీ రెండు చేతులతో వాయించగలిగాడు.

ఇది పియానో వారి జబ్బు మాత్రమే అనుకోకండి. నేను తాలూకా ఆసుపత్రిలో పనిచేసే రోజులలో ఒక దస్తావేజు లేఖరి వచ్చాడు. అన్నం కలుపుకోగలడు, తాళం తీయగలడు. కలం పట్టుకుంటే మాత్రం చెయ్యి కొంకర్లు పోయేది. ఇంట్లోవారు నటన అన్నారు. ఇరుగుపొరుగువారు చేతబడి అన్నారు. అది రైటర్స్ క్రాంప్. ఫ్లైషర్ జబ్బుకు తోబుట్టువు. ఆ మనిషికి ఆ చెయ్యే జీవనాధారం. జబ్బుకు పేరున్నదని వినగానే అతడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

వీణ సాధకులైనా, కంప్యూటరు ముందు కూర్చునేవారైనా, నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళయినా, నేత, కుట్టుపని వారైనా ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

1. అరగంటకొకసారి పని ఆపి, రెండు మూడు నిమిషాలు చేతులను వదులుగా వేలాడనివ్వండి.

2. భుజాలు దించి, మణికట్టు వంగకుండా ఉండేటట్లు పీట లేదా కుర్చీ ఎత్తు సరిచేసుకోండి.

3. నొప్పిని ఓర్చుకుని కొనసాగించకండి. అది శరీరం చేసే హెచ్చరిక.

4. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు వద్ద నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. వైద్యుడికి చూపించి మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి.

ఒకే పని చేసేటప్పుడు మాత్రమే చెయ్యి ముడుచుకుపోతుంటే నాడీవైద్యుడిని కలవండి. నగరాలలోని పెద్ద ఆసుపత్రులలో దీనికి చికిత్స ఉన్నది. మీ ఇంట్లో ఎవరైనా చెయ్యి మాట వినడం లేదంటే, ముందు వారి మాట నమ్మండి.