చంకలో బిళ్ళ

బదిలీ ఉత్తర్వు రాగానే అందరి ఇళ్లలో ముందు టీసీల గురించి ఆలోచిస్తారు. మా ఇంట్లో ముందు సంచిలోకి వెళ్లేది ఒక ఆకుపచ్చ ఫైలు. 2017లో మేము విశాఖపట్నంలో ఉన్నప్పుడు అమ్మకు కుడివైపు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ తర్వాత తగ్గింది. ఆ కాగితాలన్నీ అందులోనే ఉంటాయి.

తర్వాత నాన్నకు ఢిల్లీ బదిలీ అయి, మయూర్ విహార్ ఫేజ్-1లో అద్దెకు దిగాం. 2021 ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన అందరికీ కోవిడ్ టీకా ఇచ్చారు. అమ్మ మొదటి వారంలోనే వేయించుకుంది. పది రోజులకు, ఎప్పుడూ చేయించుకునే పెట్ స్కాన్‌కు వెళ్లింది. ఎడమ చంకలో గ్రంథులు ఉబ్బాయనీ, క్యాన్సర్ తిరిగి వచ్చి ఉండవచ్చనీ రిపోర్టు వచ్చింది. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. అమ్మ మాత్రం మా ఆన్‌లైన్ క్లాసుల టైంటేబుల్ అడిగింది. అక్కా తమ్ముళ్లం ఇద్దరం ఒకే దుప్పటిలో మేలుకునే ఉన్నాం.

మర్నాడు డాక్టరుగారు ఫైలంతా తిరగేసి, "టీకా ఏ చేతికి వేశారు?" అని అడిగారు. కుడివైపు ఆపరేషన్ కాబట్టి ఎడమ చేతికే వేయించుకున్నానంది అమ్మ. పాత స్కాన్లలో ఎడమ చంకలో ఏమీ లేదు.

మన ఒంట్లో దాదాపు 600 శోషరస గ్రంథులుంటాయి. అవి రోగాలను అడ్డుకునే కణాల ఠాణాలు. టీకా పడగానే దగ్గరి ఠాణాలో సందడి మొదలై గ్రంథి ఉబ్బుతుంది. పెట్ స్కాన్‌లో చక్కెర ఎక్కువగా వాడుకునే కణాలు మెరుస్తాయి. క్యాన్సర్ కణాలూ మెరుస్తాయి, రోగంతో పోరాడే కణాలూ మెరుస్తాయి. ఏవి మెరిశాయో స్కాన్ ఒక్కటే తేల్చలేదు. ఆ ఏడాది ఎన్నో దేశాల్లో డాక్టర్లకు ఇదే చిక్కు ఎదురైంది. అందుకే స్కాన్‌కు ముందు టీకా తేదీ, ఏ చేయి అన్నది అడగడం మొదలుపెట్టారు.

ఫోనులో ఈ సంగతి విని తెనాలి అమ్మమ్మ, "కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జలో బిళ్ళ కట్టదూ? ఇదీ అంతేనేమో!" అంది. అయినా సూది పరీక్ష చేయించాం. ఆరు రోజుల తర్వాత ఫలితం వచ్చింది: క్యాన్సర్ కణాలు లేవు. జూలైలో అల్ట్రాసౌండ్ తీస్తే వాపు కూడా పోయింది.

ఊరు మారితే డాక్టరు మారతారు. మన పాత కథ ఆయనకు చెప్పేది ఆ కాగితాలే. అందుకే మిత్రులారా, మీ ఇంట్లోనూ అలాంటి ఫైలుంటే దాన్ని లారీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి. టీకా కాగితం కూడా అందులోనే ఉంచండి.