ఆ ముందుగదిలో పుట్టిన రికార్డు

న్యూజెర్సీలోని ఎడిసన్ గురించి మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఓక్ ట్రీ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చాలు... చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు, ఎదురుపడి తెలుగులో పలకరించే మనుషులు. అక్కా వాళ్లింటికి నేను వెళ్లడం ఇది మూడోసారి. అయినా ఆ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందని ఎప్పుడూ ఆలోచించలేదు. ఈసారి బావ నన్ను కారెక్కించి మెన్లోపార్కులో ఒక ఎత్తయిన స్తంభం దగ్గర దింపాడు. దాని నెత్తిన పేద్ద బల్బు!

థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఉండింది అక్కడే. 1877లో ఆయన ఫోనోగ్రాఫ్ కనిపెట్టిందీ అక్కడే. పలికిన మాట యంత్రంలోంచి మళ్లీ వినబడటం అనే వింత ఆ పెరట్లోనే జరిగింది. 1954లో ఊరికి ఆయన పేరే పెట్టుకున్నారు.

‘‘మన యాత్ర ఇక్కణ్నుంచే మొదలు’’ అన్నాడు బావ.

యాత్ర అంటే గుళ్లూ గోపురాలూ కాదు. బావకి జాజ్ రికార్డుల పిచ్చి. ముందుగదిలో ఒక గోడంతా ఎల్పీలే. ‘‘ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా చెప్పరా! ఒకే రికార్డు మూడుసార్లు కొంటారా ఎవరైనా?’’ అని అక్క గోల. బావ నవ్వి ఊరుకుంటాడు. ఆ మూడింటికీ తేడా ఏమిటో తెలుసుకోవాలనే నేను కారెక్కాను.

నలభై డాలర్ల ముచ్చట

శనివారం ప్రిన్స్‌టన్ వెళ్లాం. విశ్వవిద్యాలయం దగ్గరి సందులో 1980 నుంచీ నడుస్తున్న రికార్డుల దుకాణం ఉంది. పేరు ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్. లోపల మాటలు తక్కువ, వేళ్లు ఎక్కువ. అందరూ వంగి అట్టలు ఒక్కొక్కటీ వెనక్కి తోస్తూ వెతుకుతుంటారు.

పాత జాజ్ రికార్డుల్ని ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు. మామూలుగా కాదు, మహా శ్రద్ధగా. బ్లూనోట్ అనే న్యూయార్క్ సంస్థ 1939లో పుట్టింది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. సంస్థకి ఎనభై ఏళ్లు నిండిన 2019లో ‘టోన్ పొయెట్’ పేరుతో ఒక వరస మొదలుపెట్టారు. నాటి అసలు టేపునే తెచ్చి, దాన్ని ఆడిస్తూ లక్క పూసిన పళ్లెం మీద నేరుగా గాడి కోస్తారు. దాన్నుంచి లోహపు అచ్చులు, వాటి నుంచి రికార్డులు. మధ్యలో కంప్యూటరు ఉండదు. ఒక్కో రికార్డు 35, 40 డాలర్ల దాకా ఉంటుంది.

అసలు పాత ప్రతుల ధర వింటే మాత్రం గుండె గుభేలుమంటుంది. కొన్నిటికి వేల డాలర్లు! అవి అసలువో కావో తేల్చడానికి రికార్డు మధ్యన లేబుల్ పక్కనున్న నున్నటి చోట వెతుకుతారు. అక్కడ చిన్న చెవిలాంటి గుర్తు ఉండాలి. నిజానికి అది ‘పి’ అనే అక్షరం. వాటిని అచ్చువేసిన ప్లాస్టిలైట్ కంపెనీ గుర్తు. అభిమానులకి మాత్రం అది చెవే.

మళ్లీ వేయడానికి ఏ రికార్డుకి అర్హత ఉందన్నదే అక్కడి అసలు తగువు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో వచ్చింది. అప్పట్నుంచీ ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. ‘‘మళ్లీ అదేనా?’’ అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. ‘‘నాలాంటి వాళ్లకి అదే మొదటిది కదా’’ అంది పక్కనున్న కాలేజీ అమ్మాయి. ఇద్దరిదీ నిజమే. పేరున్నవి అమ్ముడైతేనే, పేరులేని వాటికి ఖర్చుపెట్టే ధైర్యం వస్తుంది.

టేపుల గొడవ ఇంకొకటి. ఈ రంగంలో పేరున్న ఒక సంస్థ మధ్యలో డిజిటల్ కాపీ వాడుతోందని 2022లో బయటపడింది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. తమాషా ఏమిటంటే, అంతకుముందు అవే రికార్డుల్ని ‘ఆహా’ అని మెచ్చుకున్న చెవులు కూడా వాటిలో ఉన్నాయి!

కళ్ల డాక్టరుగారి ఇల్లు

ఆదివారం ఉత్తరంగా గంట ప్రయాణం చేసి హ్యాకెన్‌సాక్ చేరాం. చెట్లన్నీ ఎర్రబారిన అక్టోబరు. ప్రాస్పెక్ట్ ఎవెన్యూలో రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇల్లు ఉండేది. ఆయన పగలు కళ్లద్దాలు రాసే డాక్టరు. మిగతా వేళల్లో ఇంటి ముందుగదిలోనే సంగీతం రికార్డు చేసేవారు. జాజ్ మహామహులంతా ఆ ఇంటి గుమ్మం తొక్కినవారే. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ తన బాణీ ఒకదానికి ‘హ్యాకెన్‌సాక్’ అనే పేరు పెట్టారు.

ఇప్పుడా ఇల్లు లేదు. కాలిబాట మీద నిలబడి చూడ్డానికి ఏమీ లేదు కూడా. అయినా బావ కాసేపు కదల్లేదు.

1959లో వాన్ గెల్డర్ కళ్లద్దాల పని మానేసి, దగ్గర్లోనే ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో స్టూడియో కట్టుకున్నారు. 39 అడుగుల ఎత్తున చెక్క పైకప్పు. లోపల గుడిలాగే ఉంటుందంటారు. జాన్ కోల్‌ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ 1964 డిసెంబరు 9న అక్కడే రికార్డయింది. వాన్ గెల్డర్ 2016లో కన్నుమూశారు. స్టూడియో ప్రైవేటు స్థలం కాబట్టి మేం రోడ్డు మీంచే చూసి దణ్ణం పెట్టుకున్నాం. ఇంకో విశేషం... ఇంతమంది కొలిచే ఎల్పీ అంటే ఆయనకే పెద్ద మోజు లేదట. సీడీ వచ్చాక హమ్మయ్య అనుకున్న మనిషి!

అరలో మిగిలిన టేపు

తిరిగొస్తూ బావ ఒక కథ చెప్పాడు. టీనా బ్రూక్స్ అని ఒక శాక్సోఫోన్ కళాకారుడు. చిన్నగా ఉండేవాడని పెట్టిన ముద్దుపేరది. 1958 మార్చిలో ఆ హ్యాకెన్‌సాక్ గదిలోనే తన పేరు మీద మొదటి రికార్డింగ్ చేశాడు. ట్రంపెట్ మీద పంతొమ్మిదేళ్ల లీ మోర్గాన్, డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ. అయినా అది విడుదల కాలేదు. 1961 దాకా బ్లూనోట్ ఆయన పేరున నాలుగు రికార్డింగులు చేసింది. బతికుండగా బయటికొచ్చింది ‘ట్రూ బ్లూ’ ఒక్కటే. మరోదానికి నంబరు కూడా ఇచ్చి, ఆపేశారు. ఆ తర్వాత ఆయన స్టూడియో మొహం చూడలేదు. 1974లో 42 ఏళ్లకే పోయాడు.

1975 నుంచి మైకేల్ కస్కూనా అనే నిర్మాత బ్లూనోట్ గిడ్డంగిలోని టేపులు ఒక్కొక్కటీ తీసి వినడం మొదలుపెట్టారు. ఇలాంటివెన్నో ఆయన చలవవల్లే వెలుగు చూశాయి. 2024లో ఆయనా వెళ్లిపోయారు. టీనా బ్రూక్స్ మొదటి రికార్డింగ్ ‘మైనర్ మూవ్’ 1980లో జపాన్‌లో వచ్చింది. 2019లో టోన్ పొయెట్ వరసలో చేరింది.

‘‘అర్హత అంటే ఇదిరా’’ అన్నాడు బావ. ‘‘ఒకసారి కూడా రానిదాన్ని ‘మళ్లీ’ వేయడం.’’

నేను మాట్లాడలేదు. మా పెదనాన్న తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఒకే ఒక్కసారి ఎవరో క్యాసెట్‌లో పట్టి ఇచ్చారు. కాలేజీ రోజుల్లో ఖాళీ క్యాసెట్ దొరక్క, దాని మీద సినిమా పాటలు ఎక్కించింది నేనే. ఆయన తిట్టలేదు. ‘‘పోన్లేరా, మళ్లీ వాయిస్తాగా’’ అన్నారు. ఆ మళ్లీ రాలేదు.

ఆ గిడ్డంగిలో ఎవరూ టేపు చెరిపేయలేదు. అమ్ముడుపోదనుకున్నా అరలో ఉంచారు. నలభై డాలర్ల ముచ్చటకి పునాది అదే. ఉంచితేనే కదా, తర్వాత ఎవరైనా తీసి వినేది!

ఇంటికొచ్చాక బావ ‘మైనర్ మూవ్’ పెట్టాడు. చిన్న చిటపట, ఆ వెంటనే శాక్సోఫోన్. మనిషి ఎదురుగా కూర్చుని ఊదుతున్నట్టే ఉంది. అక్క వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఒక వైపు అయిపోయి ముల్లు లేచింది.

‘‘పెదనాన్న ఇలాగే కదరా... కళ్లు మూసుకుని వాయించేవారు’’ అంది నాతో.

తర్వాత బావ వైపు తిరిగి, ‘‘రెండోవైపు కూడా వెయ్యండి’’ అంది.