నొక్కకముందు

మౌస్ బాణాన్ని ఒక బొమ్మ మీదికి తీసుకెళ్తాం. నొక్కం. బొమ్మ అంచు మెరుస్తుంది, పక్కన పేరు కనబడుతుంది. బాణం జరిపితే రెండూ పోతాయి. దీన్నే హోవర్ అంటాం. గేములు ఆడేవాళ్లు దీన్ని పట్టించుకోరు. రాసేవాళ్లకి మాత్రం రోజూ ఉండే తలనొప్పి.

తెరకి లోతు లేదు, గేములోని లోకానికి ఉంది. బాణం గురించి మనకి తెలిసేవి రెండే అంకెలు: అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత. ఆ చుక్క వెనక ఏముందో తెలియాలంటే కెమెరా నుంచి దాని గుండా ఒక ఊహా కిరణాన్ని లోపలికి వదలాలి. మొదట దేనికి తగిలితే అదే మన వస్తువు. పోయిన ఫ్రేములో తగిలిందీ ఇదీ ఒకటేనా అని చూడాలి. వేరైతే పాతదానికి 'వెళ్లిపోయాడు' అనీ, కొత్తదానికి 'వచ్చాడు' అనీ చెప్పాలి. సెకనుకి 60 ఫ్రేములుంటే 60 సార్లూ ఇదే పని.

సెలవు రోజుల్లో మా ఆత్మకూర్‌నీ, జూరాల డ్యామ్‌కి పోయే దారినీ యూనిటీలో చిన్న గేముగా కడుతున్నాను. అక్కడ కిరణం తగిలేది వస్తువుకి కాదు, దానికి తొడిగిన కొలైడర్ అనే కనబడని తొడుగుకి. వేపచెట్టుకి డబ్బాలాంటి తొడుగు వేస్తే కొమ్మల మధ్య ఖాళీ కూడా 'వేపచెట్టు' అంటుంది. అసలు వేయకపోతే, చెట్టు కళ్లముందే ఉన్నా కిరణం దాన్ని దాటి వెనక గోడకి తగులుతుంది.

1987లో వచ్చిన 'మేనియాక్ మాన్షన్' గేములో వస్తువు పేరు తెలియాలంటే 'ఇదేంటి?' అనే ఆజ్ఞని ముందు ఎంచుకోవాలి. 1990లో అదే కంపెనీ తెచ్చిన 'మంకీ ఐలాండ్'లో బాణం పెడితే చాలు, పేరు వచ్చేసింది. అడగకుండానే తెలుసుకునే సౌకర్యం అది. ఏమీ చేయకుండా, ఏమీ పోగొట్టుకోకుండా చూసుకోవచ్చు.

ఫోన్‌లో ఇది లేదు. వేలు అద్దానికి తగిలాకే ఫోన్‌కి మనం గుర్తొస్తాం. అంటే చూడటం, చేయడం ఒకటే అయిపోయాయి. మా అమ్మ కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూచోలేదు, నేరుగా ఫోన్‌కే వచ్చింది. పైసలు పంపే యాప్ తెరిచి, వేలిని అద్దానికి అంగుళం ఎత్తులో ఆపి, "ఏది ఒత్తితే ఏం పోతదో బిడ్డా" అంటుంది. ఆ ఆగిన వేలు హోవరే. ఫోన్‌కే తెలియదు.

తెలుసుకోవడం అసాధ్యమేం కాదు. 2013 నాటి సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 గాలిలో ఆగిన వేలిని పసిగట్టేది. ఆ సదుపాయం నిలవలేదు. ఇప్పుడు దాని బదులు నొక్కి పట్టుకోవడం ఉంది, కానీ నొక్కి పట్టుకుంటే ఏదో వస్తుందని ముందే తెలిసినవాళ్లకే అది పనికొస్తుంది. తెలియనివాళ్లకి, అంటే నిజంగా అవసరమైనవాళ్లకి, అది లేనట్టే.

అందుకని ఫోన్ కోసం చేసిన నా గేములో మొదటిసారి తాకితే పేరు మాత్రమే వస్తుంది. రెండోసారి తాకితేనే పని జరుగుతుంది. ఆడి చూసిన ఫ్రెండ్స్ "స్లోగా ఉంది, ఒక్క ట్యాప్ చేసెయ్" అంటున్నారు. వాళ్లకి స్లోనే. ఆ రెండు తాకుళ్ల మధ్య సందు వాళ్ల కోసం పెట్టింది కాదు. తీయదల్చుకోలేదు.