జలమార్గమున చిక్కిన వాయువు

వాహనమునకు మరమ్మతు జరిగి, నీరు నింపి, మూత బిగించిన పిమ్మట పని ముగిసినదని భావించుట సర్వసాధారణము. మార్కాపురమున నివసించు ఒక విశ్రాంత సంస్కృత పండితుడును అట్లే భావించెను. విద్యార్థులకు అనేక సంవత్సరములు తర్కసంగ్రహము బోధించిన వాడాయన. ఆయన అక్కగారికి మూత్రపిండములు పనిచేయవు. వారమునకు రెండు పర్యాయములు ఆమెను ఒంగోలు తీసికొనిపోయి డయాలసిస్ చేయింపవలెను. ఒక పాత చిన్న కారు, నెల నెలా వచ్చు పింఛను, ఈ ప్రయాణము. ఆయన విశ్రాంత జీవితమంతయు ఇంతియే.

వైశాఖమాసమున ఆ కారు వాటర్ పంపు కారజొచ్చినది. ఊరిలోని ఒక షెడ్డువారు పంపు మార్చి, బోరునీరు గబగబ పోసి, రేడియేటరు మూత బిగించి, అయిదు నిమిషములు ఇంజను నడిపి, "అయిపోయింది పంతులుగారూ" అని తాళము చేతికిచ్చిరి. మరునాడు తెల్లవారుజామున ఆయన అక్కను ముందు సీటులో కూర్చుండబెట్టుకొని బయలుదేరెను.

పొదిలి ఇంకను కొంత దూరముండగా అక్కగారు డ్యాష్‌బోర్డు వైపు చెవి యొగ్గి, "ఒరేయ్, ఈ డబ్బాలో ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టుందిరా" అనెను.

"ఏం లేదక్కా. వేడి ముల్లు చూడు, ఎప్పటికంటే కిందనే ఉంది" అని ఆయన సమాధానము.

ఇచ్చట చదువరులు ఒక విషయము గమనింపవలెను. ఉష్ణమును కొలుచు సెన్సరు నీటిలో మునిగి యున్నప్పుడే దాని మాట ప్రమాణము. దాని చుట్టును గాలిబుడగ చేరినచో, ఇంజను లోపల మండిపోవుచున్నను ముల్లు చల్లగా నున్నదనియే చెప్పవచ్చును. హేతువు వంటిదే కాని హేతువు కాని దానిని హేత్వాభాసమందురు. ఆ పాఠమును ఎన్ని మారులు చెప్పియుండెనో ఆయనకే తెలియదు. ఆ ఉదయము మాత్రము ఆయన ముల్లును నమ్మి, అక్క చెవిని త్రోసిపుచ్చెను. ఆమె విన్నది నిజముగా లోపలి గాలియే. క్యాబిను హీటరుకు పోవు సన్నని గొట్టములలో నీరును గాలియు కలిసి పరుగెత్తునప్పుడు అట్టి గుడగుడ శబ్దము పుట్టును.

మరికొంత దూరము పోవుసరికి ముల్లు ఒక్కసారిగా ఎఱ్ఱగీతను తాకినది. బానెట్టు అంచుల నుండి ఆవిరి వెడలినది. ఆయన కారు ప్రక్కకు ఆపి, ఇంజను కట్టివేసి, బానెట్టు ఎత్తి, భుజము మీది కండువాను చేతికి చుట్టుకొని రేడియేటరు మూత మీద చేయి వేసెను. ప్రక్కనే టీ దుకాణము వద్ద నిలిచిన లారీ క్లీనరు కుఱ్ఱవాడు పరుగున వచ్చి ఆ మణికట్టును పట్టుకొనెను.

"తియ్యకండి సామీ! మొహమంతా కాలిపోద్ది!"

ఆ బాలుడు ఏ భౌతికశాస్త్రము చదివెనో కాని చెప్పినది సత్యము. మూత బిగించియున్న రేడియేటరులో పీడనము వాతావరణ పీడనమునకు ఇంచుమించు రెట్టింపు వరకు పెరుగును. ఆ స్థితిలో నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. మూత తిప్పిన క్షణముననే పీడనము పడిపోయి, ఆ నీరు ఆవిరియై పైకి చిమ్ము‌ను. కండువా దానిని ఆపజాలదు.

డయాలసిస్ వేళ మించిపోవుచుండెను. ఒంగోలు పోవు ఆర్టీసీ బస్సు రాగా, అక్కగారు సంచి చంకన పెట్టుకొని, "నువ్వు దీని సంగతి చూసుకో, నేను వెళ్ళగలను" అని ఎక్కెను. ఆమె ఒంటరిగా ఆసుపత్రికి పోవుట అదియే ప్రథమము. బస్సు కనుమరుగగు వరకు ఆయన అచ్చటనే నిలిచియుండెను.

పొదిలి నుండి వచ్చిన వృద్ధ మెకానిక్కు ముందుగా చేసిన పని ఏమియు చేయకుండుట. గంటకు పైగా టీ త్రాగుచు కూర్చుండి, పై హోసు చేతికి చల్లగా తగిలిన పిదపనే మూత విప్పెను. లోపల నీరు కనబడలేదు. "ఎయిర్ పట్టింది పంతులుగారూ. పంపు నీళ్ళను తోస్తుంది గాని గాలిని తొయ్యలేదు" అనెను.

గాలి సహజముగా ఎత్తైన చోటికి పోవును. కావున ఆ ఎత్తైన చోటు రేడియేటరు మూతి కావలెను. కారు ముందు చక్రములు రోడ్డు ప్రక్క మెరక మీదికి వచ్చునట్లు అందఱు కలసి త్రోసిరి. కొన్ని కార్లలో గాలి తీయుటకు ప్రత్యేకముగా ఒక స్క్రూ ఉండును. దానిని వదలు చేసి, బుడగలు లేని ధార వచ్చిన వెంటనే బిగించిన చాలును. ఈ కారునకు ఆ సౌకర్యము లేదు. మెకానిక్కు హీటరు మీటను పూర్తిగా వేడి వైపునకు త్రిప్పించెను. ప్రకాశం ఎండలో హీటరు వేయు మానవుని చూచి టీ దుకాణమువారు నవ్విరి. హీటరు గొట్టములలో దాగిన గాలి కూడ వెలికి రావలెనన్నదే ఆయన తాత్పర్యము.

ఆ ప్రాంతపు బోరునీటిలో లవణములు అధికము. గొట్టములలో పాచివలె పేరుకొనును. అందుచేత కూలెంటును డిస్టిల్డ్ వాటరును సమపాళ్ళలో కలిపి, సన్నని ధారగా, బుడగ వచ్చినప్పుడెల్ల ఆగుచు పోసెను. పై హోసును మెల్లమెల్లగా పిసుకుచుండెను. పిసికినప్పుడెల్ల మూతి వద్ద బుడగలు వెడలి మట్టము తగ్గుచుండెను. అది నిలకడ చెందిన పిమ్మట, మూత తీసియే ఇంజను నడిపించెను. థర్మోస్టాటు లోపలి మైనము సుమారు 82 డిగ్రీల పైబడిన వేడికి కరగి ద్వారము తెరచును. అంతవరకు రేడియేటరులోనికి నీరు ప్రవహింపదు. షెడ్డువారు నడిపిన అయిదు నిమిషములు అందుకే చాలలేదు.

ద్వారము తెరచుకొనగనే పెద్ద బుడగ యొకటి పైకుబికి, మట్టము జానెడు పడిపోయినది. మరల పోసెను. క్రింది హోసు వేడెక్కినది. డ్యాష్‌బోర్డు నుండి సెగగాలి కొట్టినది. ఇంకను చిన్న బుడగలు వచ్చుచునేయుండెను.

"ఇవి ఆగాల" అని మెకానిక్కు మెల్లగా అనెను. "ఆగకపోతే గాస్కెట్ పోయినట్టు. మంట గాలే నీళ్ళలోకి వస్తున్నట్టు లెక్క. హెడ్డు దించాల."

హెడ్డు దించుట యనగా ఎన్ని నెలల పింఛనో ఆయన మనస్సులో లెక్కవేయుచు ఆ మూతి లోనికే చూచుచుండెను. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగెను. రెండవసారి తిరిగెను. బుడగలు పలుచనై, ఒక్కొక్కటియై, ఆగిపోయినవి. మెకానిక్కు మూత బిగించి, "రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూడండి, కాస్త దిగుద్ది" అని చేతులు తుడుచుకొనెను.

ఆయన ఒంగోలు చేరుసరికి అక్కగారికి మూడవ గంట నడుచుచుండెను. ఆమె కన్నులు తెరచి, "పుక్కిలించడం ఆగిందా?" అని అడిగెను.

మరునాటి ఉదయమున ఎక్స్‌పాన్షన్ డబ్బాలో మట్టము బొటనవ్రేలెడు తగ్గియుండెను. ఆయన దానిని నింపి, డబ్బా మీద కుంకుమతో ఒక గీత గీసెను.