శామీర్‌పేట బండల మీద గాలి

మావాళ్లు ఈ శనివారం ట్రాలీ ఆటోలో సామానేసుకుని శామీర్‌పేట దిక్కు బండల మీద డేరా వేస్తామంటున్నారు. వానకు సిద్ధమయ్యారు గానీ, నా భయమంతా గాలి గురించే.

మే నెలలో పొద్దంతా ఆకు కదలదు. సాయంత్రం క్యుములోనింబస్ మబ్బు కమ్ముకుంటే అందులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేల మీద నలుదిక్కులా పరుచుకుంటుంది. చినుకు పడకముందే దుమ్ము లేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలు. గంటకు 30 కిలోమీటర్ల గాలికి నిలిచిన డేరా 60కి లేచిపోయేది అందుకే.

పైగా మేడ్చల్, శామీర్‌పేట బండల మీద పైపైన మొరం, కిందంతా గ్రానైట్. మేకు దిగదు. తాళ్లు పెద్ద రాళ్లకే కట్టాలి, అదీ రాయి మొదట్లో, పైకి జారకుండా. ఆటోను గాలికి అడ్డంగా కాదు, ఎదురుగా నిలపాలి. తాడిపత్రిని గాలివైపు నేలదాకా దించి రాళ్లు పెట్టాలి. అటువైపు తెరిచి ఉంచితే లోపల గాలి నిండి మొత్తం పైకి లేస్తుంది.

ఉరుము వినబడిందా, డేరాను దాని మానాన వదిలేయండి. చెట్టు కిందికి మాత్రం పోవద్దు. వెంట ఒక కారు కూడా తీసుకుపోండి, అద్దాలెత్తి అందులో కూర్చోండి.