మన్యములో క్రొత్త దారి

కొండసీమలలో దారి వేయుట పల్లపుసీమలో దారి వేయుటవంటిది కాదు. నీరు ఎటు పాఱునో, బండ ఎచ్చట నిలుచునో, మట్టి ఎచ్చట జాఱునో తెలిసికొనిన పిదపనే పలుగు పట్టవలెను. పాతబడి చెడిన బాటనొకదానిని ఇంజనీర్లు ఏ విధముగా మార్చుచున్నారో చూడగోరి, కడచిన శీతకాలమున మేము నలుగురు స్త్రీలము విశాఖ మన్యమునకు పోయితిమి.

విశాఖపట్టణము నుండి చోడవరము మీదుగా మాడుగుల చేరితిమి. మాడుగుల హల్వా మాట వినని ఇల్లాండ్రు అరుదు. గోధుమపాలు, చక్కెర, నేయి, జీడిపప్పు చేర్చి వండు ఆ హల్వాను దారిబత్తెముగా కట్టించుకొంటిమి. మాడుగుల దాటిన పిమ్మట ఘాటురోడ్డు మొదలగును. పైకి పోయినకొలది గాలి చల్లబడును. సిల్వరోకు చెట్లను పెనవేసికొన్న మిరియపుతీగెలును, వాని నీడను కాఫీ మొక్కలును కన్నులకు విందు చేయును. ఘాటు పైనున్న పాడేరు, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము.

మేము చూడబోయిన గూడెము పెద్దరోడ్డునకు దూరముగా కొండవాలున నున్నది. దానికి గల బాట నిట్టనిలువుగా ఎక్కును. వానకాలమున అదియే వాగగును. నిండుచూలాలికి నొప్పులు వచ్చినచో, దుప్పటిని వాసమునకు కట్టి డోలీ చేసి, ఇరువురు మోసికొని దిగవలెను. తన కోడలిని అట్లు రాత్రివేళ దింపిన కథను ఒక అవ్వ మాకు చెప్పెను. తల్లియు బిడ్డయు దక్కిరి. దక్కనివారి పేర్లుకూడ ఆమె చెప్పెను. ఆ మాటలు విన్న పిదప, రోడ్డు అనగా అచ్చటి స్త్రీలకేమో మాకు వేఱుగ చెప్పనక్కఱలేకపోయెను.

ఈ పనికి నియమింపబడిన ఇంజనీరు ఇరువదియైదేండ్ల యువతి. ఆమె ఒడిలో పెట్టుకొను కంప్యూటరును అరుగుపై నుంచి, సివిల్ త్రీడీ యను సాఫ్టువేరుతో తన పనిని చూపెను. సర్వేవారు టోటల్ స్టేషను అను యంత్రముతో కొండపై వేలకొలది చోట్ల ఎత్తులు కొలిచి తెత్తురు. ముగ్గులో చుక్కలవలె అవి తెరపై నిలుచును. సాఫ్టువేరు ఆ చుక్కలను మూడేసి చొప్పున కలిపి త్రికోణములు అల్లగా కొండరూపము ఏర్పడును. దానిపై దారి నడిమిగీతను గీచి, రోడ్డు వెడల్పు, ప్రక్కకాలువ, గట్టువాలు ఒక్కసారి తెలిపినచో, ఎచ్చట ఎంత మట్టి కోయవలెనో, ఎచ్చట ఎంత పోయవలెనో అదియే లెక్క కట్టును. కోసిన మన్ను పోయవలసినచోటికి సరిపోవునట్లు చూచుకొనుట, ఇంటి జమాఖర్చులు సరిపెట్టుకొను మనకు తెలియని విద్య కాదు. గీతను కొంచెము జరిపినచో లెక్కలన్నియు క్షణములో మాఱును. పూర్వము కాగితముపై ఒక్కొక్క అడ్డుకోతను మరల గీయవలసి యుండెడిది.

పాతబాట ఆఱడుగులకొక అడుగు చొప్పున ఎక్కుచున్నది. కొండసీమలలో రోడ్డు సాధారణముగ ఇరువదియడుగులకొక అడుగుకంటె నిటారుగ నుండరాదని నియమము. కావున 60 మీటర్ల ఎత్తు ఎక్కుటకు పాతబాట 360 మీటర్లు నడచినచో, క్రొత్తదారి 1,200 మీటర్లు తిరుగవలెను. “దగ్గఱదారి యుండగా ఈ చుట్టేల?” అని అడిగినవారికి ఆమె చెప్పిన సమాధానమిది: “అంబులెన్సు ఎక్కాలి కదమ్మా!”

అయితే మొదట గీచిన గీత, ఖర్చు తక్కువగునని, గూడెమునకు ఎగువన కొండను కోయుచు పోయినది. తెరపై దానిని చూపగా స్త్రీలు మొదట ఏమియు పలుకరైరి. పిదప ఆ అవ్వయే కఱ్ఱతో ఒకచోటు చూపి, “అక్కడ కోత్తే మా ఊట సచ్చిపోద్దమ్మా. ఏసంగిలో ఊరంతటికీ అదే నీరు” అనెను. సర్వేలో ఆ చోటునకు ఎత్తు మాత్రమే యున్నది. ఊట యను మాట లేదు. ఇంజనీరు మఱునాడు వారితోకూడ పోయి, ఊటయు, దానికి నీరు దిగు వాలును గుర్తించి, దారిని దిగువకు జరిపెను. దానివలన రాతిగోడ యొకటి ఎక్కువాయెను. పొడుగు కొంత పెరిగెను. ఒకరి పసుపుచేను అంచు పోవుచున్నది. ఆ చేని యజమానురాలు సంతోషింపలేదు. పరిహారపు మాట తేలువఱకు సమ్మతింపనని ఆమె మా యెదుటనే చెప్పెను. ఆమె పట్టుదల అన్యాయమని మాకు తోచలేదు.

ఇట్టివేళ స్త్రీల మాటకు చట్టబలముకూడ కలదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము గూడెపు రోడ్డునకై ఒక హెక్టారుకు తక్కువగు అడవినేలను, హెక్టారునకు 75 చెట్లకు మించి నఱకకుండ, ఇయ్యవచ్చును. కాని గ్రామసభ సిఫారసు కావలెను. 2012లో సవరింపబడిన నియమముల ప్రకారము సభకు సభ్యులలో సగముమందియైన రావలెను. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. కావున వంటపని మిగిలినదని ఇంట నుండిపోవుట మనకే నష్టము.

సోదరీమణులారా! మన యూళ్లలో రోడ్లు వేయునపుడుకూడ నకలు చూపుమని అడుగుడు. రోడ్డు మన గడపకంటె ఎత్తగునా? వాననీరు ఎవరి వాకిటికి మళ్లును? ఏ బావి, ఏ చెట్టు గీతలో పడును? మట్టి కదలకముందు ఈ ప్రశ్నలకు ఖర్చులేదు. గీత జరుపుట క్షణము పని. రాయి పఱచిన తరువాత ఎంత మొఱపెట్టుకొన్నను వినువారరుదు.